నాస్ బాక్స్ ఆన్ కావట్లేదా..? కంగారులో ఆ ఒక్క బటన్ నొక్కితే ఫొటోలన్నీ గల్లంతు కావచ్చు! ముందు ఇవి చెక్ చేయండి

రాత్రి కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది, టీవీ ఆన్ అయింది, వైఫై కూడా వచ్చేసింది. కానీ టీవీ స్టాండ్ వెనకాల మూలన పెట్టిన చిన్న నల్ల పెట్టె మాత్రం లేవలేదు. బటన్ నొక్కితే లైట్ ఒకసారి మెరిసి ఆరిపోతోంది. అందులోనే పెళ్లి వీడియో ఉంది. పాప పుట్టినప్పటి ఫొటోలున్నాయి. ఇప్పుడు లేని నాన్నమ్మ మాట్లాడిన వీడియోలూ ఉన్నాయి. ఫోన్‌లో ప్లేస్ లేదని అన్నీ అందులోకి పంపేసి ఫోన్‌లోంచి డిలీట్ చేసేశారు. ఇక ఆ ఇంట్లో వాళ్లకు నిద్ర పడుతుందా?

ఇలాంటి సీన్ ఇప్పుడు చాలా ఇళ్లలో, ఫొటో స్టూడియోల్లో, చిన్న ఆఫీసుల్లో కనిపిస్తోంది. అయితే ఇందులో ఒక మంచి మాట ఉంది. నాస్ బాక్స్ ఆన్ కాకపోతే డేటా పోయినట్టు కాదు. చాలా సందర్భాల్లో పాడయ్యేది పెట్టె లేదా దాని అడాప్టర్. లోపలి హార్డ్ డిస్కులు బాగానే ఉంటాయి. అసలు డేటా పోయేది ఎక్కువగా ఆ తర్వాత.. కంగారులో మనం చేసే పనుల వల్లే. మరి ఏం చేయాలి? ఏం చేయకూడదు? వరుసగా చూద్దాం.

అసలు నాస్ అంటే ఏంటి?

నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్.. పొట్టిగా నాస్. సింపుల్‌గా చెప్పాలంటే ఇంటి వైఫై రూటర్‌కు కలిపి పెట్టుకునే హార్డ్ డిస్కుల పెట్టె. మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కు గుచ్చాలి. నాస్‌కు ఆ అవసరం లేదు. ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, స్మార్ట్ టీవీ అన్నీ నెట్‌వర్క్ ద్వారానే దాన్ని వాడుకుంటాయి. సైనాలజీ, క్యూనాప్, వెస్ట్రన్ డిజిటల్, అసుస్టోర్ లాంటి కంపెనీలు వీటిని తయారు చేస్తున్నాయి.

నిజానికి ఇది ఓ చిన్న కంప్యూటరే. ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డు అన్నీ ఉంటాయి. లోపల నడిచేది చాలా వరకు లైనక్స్. స్క్రీన్, కీబోర్డు మాత్రమే ఉండవు. చిక్కంతా అక్కడే. కంప్యూటర్ ఆన్ కాకపోతే స్క్రీన్ మీద ఏదో ఒక ఎర్రర్ వస్తుంది. నాస్‌లో మాత్రం రెండు మూడు లైట్లు, ఒక బీప్ శబ్దం.. అంతే. అది చెప్పే కబుర్లన్నీ వాటి నుంచే అర్థం చేసుకోవాలి.

మొదటి రూల్.. బటన్ పదే పదే నొక్కొద్దు

ఆన్ కాలేదని పది సార్లు నొక్కడం, ప్లగ్ పీకి పెట్టడం.. అందరూ చేసే మొదటి తప్పు ఇదే. ఒకవేళ లోపల హార్డ్ డిస్క్ దెబ్బతిని ఉంటే ప్రతిసారీ స్టార్ట్ అవడం, ఆగడం వల్ల అది ఇంకా పాడవుతుంది.

ఇంకో సంగతి. సడన్‌గా కరెంటు పోయి వచ్చాక కొన్ని నాస్‌లు లోపలి ఫైళ్లను చెక్ చేసుకుంటాయి. డిస్కులు పెద్దవైతే దీనికి గంటలు కూడా పట్టొచ్చు. ఆ టైమ్‌లో లైట్ బ్లింక్ అవుతూనే ఉంటుంది. ఫోన్‌లో యాప్ కనెక్ట్ కాదు. పాడైందనుకుని ప్లగ్ పీకేస్తే చేతులారా పాడు చేసినట్టే. డిస్క్ లైట్లు గబగబా మెరుస్తుంటే, లోపల డిస్క్ తిరుగుతున్న చప్పుడు నార్మల్‌గా వినిపిస్తుంటే ఓ రాత్రంతా అలా వదిలేయడమే మంచిది.

అసలు లైటే రావట్లేదా? అనుమానం అడాప్టర్ మీదే

బటన్ నొక్కినా చీకటిగానే ఉందంటే ముందు సులువైనవి చూసుకోవాలి. ఆ సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తుందో లేదో చూడండి. స్పైక్ బస్టర్‌లో ఫ్యూజ్ పోయిందేమో చూడండి. తర్వాత నాస్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. అడాప్టర్‌కు గోడ వైపు, పెట్టె వైపు రెండు చోట్లా వైరు గట్టిగా కూర్చుందో లేదో చూడండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే అడాప్టరే మొదటి దొంగ. రెండు డిస్కుల నాస్‌లు చాలా వాటికి 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ వస్తుంది. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఆగకుండా పని చేసేది అదే. టీవీ వెనకాల గాలి ఆడని చోట, మన ఎండాకాలం వేడిలో దాని లోపలి కెపాసిటర్లు నెమ్మదిగా ఎండిపోతాయి.

ఇక్కడే చాలామందికి ఓ డౌట్ వస్తుంది. నిన్నటి దాకా బాగా నడిచింది కదా, కరెంటు పోయి వచ్చేసరికే ఎలా పాడైంది? దీనికి కారణం సింపుల్. ఆగి ఉన్న సైకిల్‌ను తొక్కడం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. హార్డ్ డిస్క్ కూడా అంతే. పెద్ద సైజు హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో దాదాపు 2 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అందులో చిన్న వంతు సరిపోతుంది. రెండు డిస్కులుంటే స్టార్టింగ్‌లోనే దాదాపు 4 ఆంపియర్లు, దానికి తోడు మదర్‌బోర్డు. నీరసించిన అడాప్టర్ నడుస్తున్న పెట్టెను నెట్టుకొస్తుంది కానీ, ఆగిన పెట్టెను లేపలేదు. అందుకే నెలల తరబడి దాగి ఉన్న జబ్బు కరెంటు పోయిన రోజే బయటపడుతుంది.

లైట్ మెరిసి ఆరిపోవడం, డిస్క్ తిరగబోయి ఆగిపోవడం, తనంతట తానే పదే పదే రీస్టార్ట్ అవడం.. ఇవన్నీ అడాప్టర్ నీరసించిందనడానికి గుర్తులే. అడాప్టర్ మీద లైట్ వెలుగుతోంది కదా, బాగానే ఉందనుకోవద్దు. మల్టీమీటర్ పెట్టినా 12 వోల్టులు చూపించవచ్చు. లోడ్ పడగానే అది పడిపోతుంది. కాబట్టి అసలైన పరీక్ష ఒక్కటే. అదే వోల్టేజీ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు ఉన్న మంచి అడాప్టర్ పెట్టి చూడటం.

ఇంట్లో ఉన్న ఏదో ఒక అడాప్టర్ పెట్టొచ్చా?

అస్సలు వద్దు. వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ల పిన్ను కూడా కొన్నిసార్లు సరిగ్గా పడుతుంది. వాటి మీదా 12 వోల్టులనే ఉంటుంది. కానీ ఆంపియర్లు చూస్తే ఒకటో, ఒకటిన్నరో ఉంటాయి. దాంతో నాస్ లేవదు. పెట్టే పాడైందని మనం పొరబడతాం. ల్యాప్‌టాప్ ఛార్జర్ అయితే ఇంకా డేంజర్. అవి ఎక్కువగా 19 లేదా 20 వోల్టులవి. 12 వోల్టుల పెట్టెకు దాన్ని పెడితే మదర్‌బోర్డుతో పాటు హార్డ్ డిస్కులు కూడా కాలిపోయే ప్రమాదం ఉంది.

కొత్తది కొనేటప్పుడు పాత అడాప్టర్ తీసుకెళ్లి దాని మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ.. మూడూ పోల్చి చూసుకోవాలి. పాత అడాప్టర్‌ను విప్పి రిపేర్ చేసే ప్రయత్నం చేయొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపల షాక్ కొట్టేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. కొన్ని పెద్ద మోడళ్లలో అడాప్టర్ బదులు పెట్టె లోపలే పవర్ సప్లై ఉంటుంది. దాన్ని కూడా తెలిసిన టెక్నీషియన్‌కే వదిలేయాలి.

అడాప్టర్ మార్చినా అంతేనా? డిస్కులు తీసి చూడండి

ఇది చాలా పనికొచ్చే పరీక్ష. తప్పు పెట్టెలో ఉందా, డిస్కులో ఉందా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దీనికి ముందు ఓ చిన్న పని. ప్లగ్ తీసేసి, ప్రతి డిస్క్ మీద చిన్న కాగితం అతికించి ఏ స్లాట్‌లోదో 1, 2 అని నంబర్ రాయండి. ఫోన్‌తో ఫొటో కూడా తీసుకోండి. తర్వాత డిస్కులన్నీ బయటకు తీసి మెత్తటి బట్ట మీద పెట్టండి.

ఇప్పుడు డిస్కులు లేకుండానే నాస్ ఆన్ చేయండి.

పెట్టె మామూలుగా లేచిందనుకోండి. బీప్ కొట్టి, లైట్ మారితే పెట్టె బాగున్నట్టే. సైనాలజీ మోడళ్లలో అయితే స్టేటస్ లైట్ ఆరెంజ్ రంగులో బ్లింక్ అవుతుంది. అంటే డిస్కులు లేవని చెబుతోందన్నమాట. ఇలా జరిగితే అనుమానం ఏదో ఒక డిస్క్ మీదకు వెళ్తుంది. షార్ట్ అయిన ఒక్క డిస్క్ మొత్తం పెట్టెను లేవనివ్వకుండా ఆపగలదు.

డిస్కులు లేకపోయినా పవర్ లైట్ అలా బ్లింక్ అవుతూనే ఉందా? సైనాలజీలో నీలం లైట్ ఆగకుండా మెరుస్తూ ఉండటం ఇలాంటిదే. అంటే లోపం మదర్‌బోర్డులోనో, ర్యామ్‌లోనో, పవర్‌లోనో ఉంది. విచిత్రంగా అనిపించినా ఇది ఒక రకంగా గుడ్ న్యూసే. డిస్కుల్లో ఉన్న డేటాకు ఏమీ కాకపోయి ఉండొచ్చు.

ఈ దశలో ఇంకో రెండు చూడొచ్చు. ఈ మధ్య ఎక్స్‌ట్రా ర్యామ్ వేయించి ఉంటే దాన్ని తీసి, కంపెనీ ర్యామ్‌తోనే ఆన్ చేయండి. కొన్ని మోడళ్లలో మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీ ఉంటుంది. పాత గోడ గడియారం అంత వయసొచ్చిన నాస్‌లో అది డెడ్ అయి ఉండొచ్చు. వారంటీ అయిపోయిన పెట్టె అయితే మూత తీసి ఓసారి లోపల చూడటంలోనూ తప్పులేదు. దుమ్ము, చీమలు, కొన్నిసార్లు చచ్చిన బల్లి.. మన ఇళ్లలో ఇవి మామూలే.

చిప్‌లోనే లోపం.. 2017లో బయటపడ్డ కథ

కొన్నిసార్లు వాడేవాళ్ల తప్పు ఏమాత్రం ఉండదు. దీనికి పెద్ద ఉదాహరణ ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లు. 2017 మొదట్లో వీటిలో ఓ లోపం బయటపడింది. ప్రాసెసర్ నుంచి వెళ్లే ఒక క్లాక్ సిగ్నల్ కాలం గడిచే కొద్దీ బలహీనపడి చివరికి ఆగిపోతుంది. అది ఆగితే మెషిన్ బూట్ కాదు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో కూడా అదే సమయంలో తన వినియోగదారులను అలర్ట్ చేసింది. ఏడాదిన్నర వాడకం తర్వాత ఇలాంటి పరికరాలు ఫెయిల్ కావచ్చని చెప్పింది.

సైనాలజీ డీఎస్ 1515 ప్లస్, డీఎస్ 1815 ప్లస్ లాంటి మోడళ్లలో ఉన్నది ఈ కుటుంబం చిప్పే. దీంతో అలాంటి మోడళ్లకు ఆ కంపెనీ వారంటీని అదనంగా ఓ ఏడాది పొడిగించింది. ఆ తర్వాత ఇంటెల్ లోపం సరిచేసిన చిప్‌లు తెచ్చింది. వారంటీ దాటిన వాళ్లలో కొందరు మదర్‌బోర్డు మీద చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసి పెట్టెలను మళ్లీ బతికించుకున్నారు. సెకండ్ హ్యాండ్‌లో పాత నాస్ చవగ్గా వస్తోందని కొనే ముందు అందులో ఏ ప్రాసెసర్ ఉందో చూసుకోవాలనేది అందుకే.

ఆన్ అయింది.. కానీ కనిపించట్లేదా?

చాలాసార్లు నాస్ చక్కగా ఆన్ అయ్యే ఉంటుంది. మనకు దారి దొరకదంతే. లాన్ పోర్టు దగ్గర లైట్ మెరుస్తోందో లేదో చూడండి. లేకపోతే కేబుల్ మార్చండి, రూటర్‌లో వేరే పోర్టుకు పెట్టండి.

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాక ఈ ప్రాబ్లమ్ ఎక్కువగా వస్తుంది. పాత రూటర్‌లో అడ్రస్‌లు 192.168.1తో మొదలయ్యేవి అనుకుందాం. కొత్తగా జియో ఫైబర్ పెట్టించుకుంటే అది 192.168.29తో మొదలవుతుంది. నాస్‌లో ఎప్పుడో పాత అడ్రస్‌ను ఫిక్స్ చేసి ఉంటే అది ఇంకా పాత వీధిలోనే కూర్చుని ఉంటుంది. ఇల్లు మారినా పాత అడ్రస్‌కే ఉత్తరం వేసినట్టు! రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏయే పరికరాలు కనెక్ట్ అయ్యాయో లిస్టు చూడండి. సైనాలజీకి సైనాలజీ అసిస్టెంట్, క్యూనాప్‌కు క్యూఫైండర్ ప్రో అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇవి నెట్‌వర్క్‌లో దాక్కున్న నాస్‌ను వెతికి పెడతాయి.

కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ అయిన తర్వాతే కనిపించడం మానేసిందా? అయితే తప్పు నాస్‌ది కాకపోవచ్చు. సెక్యూరిటీ కోసం కొత్త విండోస్ వెర్షన్లు పాత పద్ధతి ఫైల్ షేరింగ్‌ను, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ను ఆపేస్తున్నాయి. ఫోన్ యాప్‌లో తెరిచి చూస్తే అసలు విషయం తేలిపోతుంది.

రీసెట్ బటన్.. ఎన్ని సెకన్లన్నదే ముఖ్యం

వెనకాల పిన్నుతో నొక్కే చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. సైనాలజీలో సుమారు 4 సెకన్లు నొక్కి బీప్ రాగానే వదిలేస్తే అడ్మిన్ పాస్‌వర్డ్, నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ అవుతాయి. వెంటనే రెండోసారి కూడా అలాగే నొక్కితే సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి ఉంటుంది. క్యూనాప్‌లో 3 సెకన్లకు ఒక రకం రీసెట్, 10 సెకన్లకు ఇంకాస్త లోతైన రీసెట్. ఇవి ఫైళ్లను చెరిపేయడానికి ఉద్దేశించినవి కావు. అయినా ఏ మోడల్ అయినా దాని మాన్యువల్ చూడకుండా ఈ బటన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇంకో విషయం.. అసలు బూట్ కాని పెట్టెకు రీసెట్ బటన్ నొక్కి లాభం లేదు. అది పని చేయాలన్నా ముందు పెట్టె లేవాలి కదా!

ఆ ఒక్క తప్పు.. విండోస్ అడిగితే 'ఓకే' అనొద్దు

పెట్టె లేవట్లేదు కాబట్టి డిస్క్ తీసి నేరుగా కంప్యూటర్‌కు పెడితే పోతుంది కదా అనుకుంటారు చాలామంది. ఆలోచన మంచిదే. ప్రమాదం మాత్రం ఇక్కడే పొంచి ఉంది. నాస్ డిస్కులు ఎక్కువగా లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆ భాష విండోస్‌కు రాదు. డిస్క్ పెట్టగానే 'ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అనో, 'ఇనీషియలైజ్ చేయాలి' అనో స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. కంగారులో ఓకే కొట్టేశారో.. అప్పటి దాకా క్షేమంగా ఉన్న ఫొటోలు అక్కడే చిక్కుల్లో పడతాయి. ఏది అడిగినా క్యాన్సిల్ కొట్టి డిస్క్ బయటకు తీసేయాలి.

మరి డేటా ఎలా తీయాలి? రెండు దారులున్నాయి.

మొదటిది.. అదే కంపెనీ నాస్ ఇంకోటి కొని, పాత డిస్కులను అదే వరుసలో పెట్టడం. అందుకే నంబర్లు రాసుకోమన్నది. సైనాలజీ, క్యూనాప్ రెండింటిలోనూ ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కు ఇలా మారే వీలుంది. అయితే కొనే ముందు ఏ మోడల్ నుంచి ఏ మోడల్‌కు కుదురుతుందో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి.

రెండోది.. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైనక్స్ వేసి కంప్యూటర్‌ను దాంతో స్టార్ట్ చేసి డిస్కులు చదవడం. లైనక్స్‌లోని ఎండీఏడీఎం అనే టూల్ నాస్ డిస్కుల గుంపును గుర్తుపడుతుంది. ఈ పద్ధతిని సైనాలజీ కూడా తన సైట్‌లో వివరించింది. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉండే రెయిడ్ 1 అయితే ఒక్క మంచి డిస్క్ చాలు. డేటాను ముక్కలుగా పంచే రెయిడ్ 0 అయితే రెండూ ఉండాల్సిందే. డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాని కీ లేదా పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా తెరిచినప్పుడు డిస్క్ మీద ఏదీ రాయకుండా చదవడానికి మాత్రమే పెట్టుకోవాలి. కమాండ్లు టైప్ చేయడం అలవాటు లేకపోతే తెలిసిన వాళ్ల సాయం తీసుకోవడం బెటర్.

టక్ టక్ శబ్దం వస్తోందా? వెంటనే ఆపేయండి

డిస్క్ లోపల నుంచి టక్ టక్ అనో, గీరినట్టో శబ్దం వస్తుంటే ఇక ప్రయోగాలు వద్దు. కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కు తీసుకెళ్లడమే దారి. ఇంట్లో డిస్క్ మూత విప్పితే ఒక్క దుమ్ము కణం చాలు, లోపలి ప్లేట్ల మీద గీతలు పడటానికి. ఫ్రీజర్‌లో పెడితే పని చేస్తుందనే చిట్కా ఒకటి ఏళ్లుగా తిరుగుతోంది. దాన్నీ నమ్మొద్దు. బయటకు తీయగానే లోపల తేమ పట్టి ఉన్న ఆశ కూడా పోతుంది.

ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ముందే రేటు, ఫలితం రాకపోతే ఎంత తీసుకుంటారు అన్నది రాతపూర్వకంగా అడగండి. పెట్టె వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కు డిస్కులు తీసేసి పెట్టె మాత్రమే ఇవ్వండి. కంపెనీ వారంటీ పెట్టెకే కానీ మీ డేటాకు కాదు. వారంటీ ఉన్నా సర్వీస్ ఇవ్వకుండా తిప్పుతుంటే 1915 నంబర్‌కు కాల్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

మళ్లీ ఇలా కాకూడదంటే..

నాస్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మొదటి పని. యూపీఎస్‌కు, నాస్‌కు మధ్య యూఎస్‌బీ కేబుల్ కలిపితే.. కరెంటు పోయి బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తానే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. అన్ని యూపీఎస్‌లలో ఈ పోర్టు ఉండదు. కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకునేవాళ్లు ఓసారి దాని వెనక చూడండి. చాలా మోడళ్లలో యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేరే మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన క్షణంలో కలిగే చిన్న గ్యాప్‌కే నాస్ ఆరిపోవచ్చు.

అడాప్టర్‌కు, పెట్టెకు గాలి ఆడేలా చూడండి. మూడు నెలలకోసారి ఫ్యాన్ దగ్గర దుమ్ము తుడవండి. ఏళ్లు గడిచిన నాస్ అయితే ఇంకో అడాప్టర్ ముందే కొని పక్కన పెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉందన్న ధైర్యం చాలామందిది. కానీ రెయిడ్ అంటే బ్యాకప్ కాదు. పిడుగు పడినా, దొంగలు పడినా, వైరస్ వచ్చినా, పొరపాటున డిలీట్ కొట్టినా రెండు డిస్కుల్లోవీ ఒకేసారి పోతాయి. దీనికి కంప్యూటర్ రంగంలో 3-2-1 అనే పాత సూత్రం ఉంది. ముఖ్యమైన డేటా 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్‌లో, వాటిలో 1 ఇంటి బయట ఉండాలి. ఇంటి బయట అంటే క్లౌడే కానక్కర్లేదు. పెళ్లి వీడియో, పిల్లల ఫొటోలు ఓ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసి ఊళ్లో అమ్మ దగ్గర బీరువాలో పెట్టినా సరిపోతుంది. పండగకు వెళ్లినప్పుడల్లా కొత్తవి కలుపుకోవచ్చు.

నల్ల పెట్టె పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నాన్నమ్మ వీడియో మాత్రం ఏ షాపులోనూ దొరకదు. కాబట్టి మీ నాస్ ఇవాళ బాగా పని చేస్తుంటే.. ఆ ఒక్క కాపీ ఇవాళే తీసి పెట్టుకోండి.